కిటికీ లేని గదిలో వంకాయరంగు మొక్క

రెండు ఆకులు. ఒకటి ముదురు వంకాయరంగు, రెండోది పచ్చన. రెండూ ఒకే మొక్కవని, పచ్చది దాని నుంచి తుంచి నాటిన కొమ్మదేనని కోరుట్లలో వజ్రమ్మ పొద్దున్నే ఒట్టు పెట్టి చెప్పింది.

అమృత ఆ రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూస్తూనే సిరిసిల్లలో బస్సు దిగింది. పదకొండున్నర. మధ్యాహ్నం రెండింటికి సంపత్‌ని పోలీసులకు అప్పగిస్తున్నానని గంగాప్రసాద్ ఫోన్ చేసి మరీ చెప్పాడు. అందులో మర్యాద కన్నా కవ్వింపే ఎక్కువ.

వెంకటేశం కనిపించకుండా పోయి ఇరవై రెండు రోజులైంది. ఎనిమిది సాంచెలు నడిచే మరమగ్గాల షెడ్డుకు ఆసామి, యజమాని. భార్య పోయింది, పిల్లల్లేరు. కోరుట్లలో ఉన్న అక్క వజ్రమ్మ ఒక్కతే. పదకొండు రోజుల కింద ఆయన స్కూటరు బోయినపల్లి దారిలో తుమ్మపొదల మధ్య దొరికింది. సీటు మీద ఎండిన రక్తపు మరక. కాళ్లు పెట్టుకునే చోట, రబ్బరు పట్టా కింద ఇరుక్కుని ఒక విరిగిన కొమ్మ. నాలుగు ఆకులు, వాడిపోయినా పచ్చనివే. అచ్చం అలాంటి మొక్క సంపత్ ఇంటి కిటికీలో ఉంది.

సంపత్ ఆ షెడ్డులో సాంచెలు నడిపే కార్మికుడు. ఆసామి మాయమైన రోజు ఆయనతో అందరి ముందూ గొడవపడ్డాడు. ఇంకేం కావాలి?

సంపత్ భార్య శోభ మాత్రం ఒప్పుకోలేదు. జగిత్యాల వచ్చి, కుట్టుమిషన్ల దుకాణం పైనున్న అమృత ఆఫీసు మెట్లెక్కింది. "మా ఆయన చీమను కూడ తొక్కడు మేడం. ఆయన జైలుకు పోతే మా బిడ్డ ఏమైపోవాలె?" అంది. పదేళ్లు పోలీసు క్లూస్ టీంలో పనిచేసి బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న అమృతకు అలాంటి మాటలు కొత్త కాదు. ఆ ఆకుల రంగే కొత్త.

షెడ్డులో అడుగుపెట్టగానే చెవులు దిమ్మెక్కాయి. ఎనిమిది సాంచెలూ టకటకటకమని ఒకేసారి కొడుతున్నాయి. గుమ్మం పక్కన నూలు బస్తా మీద సంపత్ తల వంచుకుని కూర్చున్నాడు. పక్కనే శోభ. వాళ్లకెదురుగా కుర్చీలో గంగాప్రసాద్. రిటైర్డ్ ఎస్సై, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. అన్ని ఆధారాలూ కట్టగట్టి మనిషిని తెచ్చిస్తానని పోలీసులకు మాటిచ్చాడు. ఆయన్ని పెట్టుకున్నది వెంకటేశం బామ్మర్ది సాయినాథ్.

"అచ్చినవా అమృతమ్మా!" గంగాప్రసాద్ అరిచాడు. "కోరుట్లల పూలమొక్కలు కొన్నవా?"

"కొన్న సారూ. మీకో కుండి తేవాల్సింది, మర్శిన."

"నాకెందుకు? నా కేసు ఖతం."

"నా కేసు ఇప్పుడే మొదలయింది" అని అమృత సాయినాథ్ కోసం చూసింది.

షెడ్డు మూలన ఆఫీసు గదిలో ఉన్నాడతను. నలభై ఏళ్ల మనిషి. గోళ్ల చుట్టూ ఎన్ని కడుగుళ్లకూ పోని నీలిరంగు. ఇరవై ఏళ్లుగా ఈ షెడ్డు నూలుకు రంగులద్దేది అతనే. గది చిన్నది. కిటికీ లేదు. పైన రెండు ట్యూబులైట్లు తెల్లగా వెలుగుతున్నాయి. బల్ల మీద సిమెంటు కుండీలో వంకాయరంగు మొక్క, నిండుగా, నిగనిగలాడుతూ.

అమృత తలుపు దగ్గరికి వేసింది. చప్పుడు సగం తగ్గింది.

"ఆ రోజు ఆసామి ఎన్నింటికి పోయిండు?"

"ఆరు నలభైకి. ఆరున్నరకు సంపత్‌గాడు ఇంటికి పోయిండు. పది నిమిషాలకు బావ స్కూటర్ తీసిండు. 'వాని ఇంటికే పోయి అడుగుత' అన్నడు."

"మీరెక్కడున్నరు?"

"రంగుల షెడ్డుల. గీ గోడ అవతల."

"అక్కడికెల్లి గేటు కనవడ్తదా?"

"కనవడది. స్కూటర్ సప్పుడు ఇన్న."

"ఎనిమిది సాంచెలు నడుస్తుంటే స్కూటర్ సప్పుడు ఇనొచ్చిందా?"

సాయినాథ్ తడుముకోలేదు. "కరెంట్ లేకుండె మేడం. ఆరు ఇరవైకి పోయింది, ఏడింటికి అచ్చింది. పనోళ్లంత చాయ్‌కి పోయిన్రు. కావాలంటే ఎవర్నన్న అడుగున్రి."

అడగక్కర్లేదు. ఆ కరెంటు కోత సంగతి సంపత్ కూడా చెప్పాడు.

"గొడవ దేని మీద?"

"చీరల రంగు కారింది. బావేమో వాని నేత మంచిగ లేదన్నడు. వాడేమో నా రంగుల్నే తప్పు పట్టిండు. తడిగుడ్డ తెచ్చి చీర మీద రుద్ది అందరికి సూపెట్టిండు." సాయినాథ్ మూతి తిప్పాడు. "సాంచె నడిపెటోనికి రంగు సంగతి ఏమెరుక?"

"రంగు కారిన మాట నిజమేనా?"

"ఒక్క లాటు."

అమృత జేబులోంచి రెండు ఆకుల్నీ తీసి బల్ల మీద పెట్టింది. "గీ రంగుల సంగతి నాకు సమజైతలేదు సాయినాథ్ గారూ. మీరైతే చెప్తరని అచ్చిన. గీ వంకాయరంగుది వజ్రమ్మ ఇంట్ల తల్లి మొక్కది. గీ పచ్చది సంపత్ ఇంట్లది. మీ బావే నిరుడు వాళ్లక్క దగ్గర రెండు కొమ్మలు తెచ్చి ఒకటి గిక్కడ పెట్టుకున్నడు, ఒకటి సంపత్‌కు ఇచ్చిండు. మరి రంగెట్ల మారింది?"

సాయినాథ్ నవ్వాడు. తనకు తెలిసిన విద్యలో పరీక్ష పెడితే వచ్చే నవ్వు.

"మారలే మేడం. అది వేరే మొక్క. ఒక్క లాటు నూలైతే వెయ్యి కండెలైనా ఒక్కటే రంగుంటది. తేడా అచ్చిందంటే లాటు మారినట్టే. గిదిగో, సూడున్రి." వంకాయరంగు ఆకును తీసి కుండీలోని ఆకు పక్కన ఆనించాడు. "కోరుట్లదీ గిదీ ఒక్క అద్దకం. సంపత్‌గాడు బావ ఇచ్చింది సంపుకుని యాడనో ఇంకోటి తెచ్చి పెట్టుకున్నడు. నా కన్ను తప్పది."

"ఈ కుండి ఏడాది సంది గిక్కడ్నే ఉన్నదా?"

"గిక్కడ్నే. గీ బల్ల మీదనే. బావ పోయినసంది గీడ కూసునేది నేనే కద."

అమృత తల ఊపింది. అయినా ముడి విడలేదు. శోభ ఆ మొక్కను తన చేత్తోనే నాటానంది. వజ్రమ్మ తన చేత్తోనే తుంచిచ్చానంది. రెండు మొక్కలంటే ఇద్దరు ఆడవాళ్లూ అబద్ధమాడాలి. ఒకే మొక్క అంటే కళ్లు అబద్ధమాడాలి.

అనుమానంతో చేతిరుమాలు తడిపి కుండీలోని ఒక ఆకును గట్టిగా రుద్దింది. రుమాలుకు దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

"ఏం చేస్తున్నవమ్మా?" తలుపు తోసుకుని గంగాప్రసాద్ లోపలికొచ్చాడు. "ఆకుకు గూడ చీర లెక్క రంగేస్తరా?"

"వేసిండ్రేమో అనుకున్న సారూ."

"నువ్వింకా క్లూస్ టీంలనే ఉన్నవ్. స్కూటర్ల పచ్చ ఆకు దొరికింది. పచ్చ మొక్క సంపత్ ఇంట్ల ఉన్నది. గిక్కడిది వంకాయరంగు, కోరుట్లది వంకాయరంగు. చిన్నపిల్లను అడిగినా చెప్తది."

"మరి మూడూ ఒక్క మొక్కే అయితే?"

"అయితే ఏంది? అప్పుడు గూడ పచ్చది సంపత్‌దే కద!"

ఆయన అన్నదాంట్లో తప్పెక్కడుందో అమృతకు దొరకడం లేదు. అది ఆయనకూ తెలుసు. గడియారం చూపించాడు. "పన్నెండు పది. నీ ఇష్టం."

అమృత షెడ్డు వెనక సందులోకి నడిచి జగిత్యాలలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పే మాధవికి ఫోన్ చేసింది. ఇద్దరూ డిగ్రీలో ఒకే బెంచీ.

"మాధవీ, ఒక్క మొక్కకెల్లి రెండు కొమ్మలు తెంపి రెండు కుండీలల్ల పెడితే, ఒకటి వంకాయరంగు, ఒకటి పచ్చగ అయితదా?"

"ఎందుకు కాదు?"

"రెండిట్ల జీన్స్ ఒక్కటే కదనే!"

"జీన్స్ ఒక్కటే. అన్నీ ఎప్పుడూ పనిచెయ్యయి. నీకు చెమట పట్టే గుణం పుట్టుకతోనే ఉన్నది. ఏసీల కూసుంటే పడ్తదా? ఆ వంకాయరంగు మొక్కకు ఎండ గొడుగసొంటిది. ఎండ ఎక్కువైతే ఆ రంగు తయారు చేసుకుంటది, లోపల పచ్చదనం మాడిపోకుంట. నీడల పెడితే గొడుగుతోని పనేంది? తయారు చెయ్యుడు బందు పెడ్తది. లోపలున్న పచ్చ బయటవడ్తది."

"అంతేనా?"

"అంతే అంటే ఎట్ల? చలికి గూడ మారొచ్చు. మట్టిల ఏదన్న తక్కువైనా మారొచ్చు. ఒకోపారి తెగులుతోని, ఒకోపారి ఒక్క కొమ్మ దానంతటదే మారిపోతది. నువ్వు చూడకుండ నన్ను చెప్పుమంటే..."

"పరేశాన్ చెయ్యకు తల్లీ. నీడల ఉంటే పచ్చ, అంతే కద?"

"ఈ జాతికైతే ఎక్కువ అదే. కాని ఒక్కటి. అప్పటికే వంకాయరంగున్న ఆకు తొందరగ మారది. కొత్తగ అచ్చే ఆకు పచ్చగ అస్తది. పాత ఆకు పాత ఇంటి సంగతి చెప్తది, కొత్త ఆకు ఇప్పుడున్న ఇంటి సంగతి చెప్తది."

సంపత్ ఇంటి కిటికీ అమృత కళ్ల ముందుకొచ్చింది. ఎదురుగా జానెడు దూరంలో పక్కింటి గోడ. ఎండ పడదు. అందుకే పచ్చన. వజ్రమ్మ వాకిట్లో పొద్దంతా ఎండ. అందుకే వంకాయరంగు. ఇద్దరు ఆడవాళ్లూ నిజమే చెప్పారు. బాగానే ఉంది.

బాగుంటే మాత్రం ఏమైంది? గంగాప్రసాద్ మాట ఇంకా అక్కడే ఉంది. పచ్చది ఇప్పటికీ సంపత్‌దే. ఇన్నాళ్లూ కాస్త సందేహమైనా ఉండేది, ఇప్పుడు శాస్త్రం కూడా వచ్చి ఉరితాడుకు ఇంకో ముడి వేసినట్టయింది.

అమృత తిరిగి ఆఫీసు గదిలోకి వచ్చింది. గది ఖాళీగా ఉంది. సాయినాథ్ ఎటో వెళ్లాడు. తలుపు మూసి, బల్ల ముందు కుర్చీలో కూర్చుని కుండీని దగ్గరికి లాక్కుంది. ఈ మొక్క ఏం చెబుతోంది? ట్యూబులైట్ల వెలుతురుకు సూదిలో దారం ఎక్కించొచ్చు. ఈ వెలుతురు చాలుతుందా గొడుగు పట్టడానికి? మాధవిని అడగాల్సింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది.

ఠక్కున కరెంటు పోయింది.

ఎనిమిది సాంచెలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి చెవుల్లో హోరు మొదలైంది. గదిలో చీకటి. పన్నెండు దాటిన వేళ, బయట ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ, అమృతకు తన చెయ్యి తనకు కనిపించలేదు.

కుర్చీలోంచి కదల్లేదామె. కదిలితే ఆ ఆలోచన జారిపోతుందేమోనని భయం వేసింది.

సంపత్ ఇంటి కిటికీలో ఎండ పడదు గానీ పగలు ఉంటుంది. ఇక్కడ పగలే లేదు. అక్కడ పచ్చబడ్డ మొక్క ఇక్కడ ఏడాదిపాటు వంకాయరంగులో ఎలా ఉంది?

ఇంతసేపూ తప్పు మొక్కను పట్టుకుని కూర్చుంది. రంగు మారిన మొక్కను అనుమానించారందరూ. అనుమానించాల్సింది మారని మొక్కను.

ఫోన్ లైటు వేసి ఒక్కో కొమ్మనూ కింది నుంచి పైకి చూస్తూ వచ్చింది. కింది ఆకులు వంకాయరంగు. వాటి పైవీ వంకాయరంగు. కొసలో మాత్రం రెండేసి లేత ఆకులు పచ్చగా ఉన్నాయి. ప్రతి కొమ్మకూ అంతే. రుద్దేటప్పుడు కింది ఆకును పట్టుకుంది గానీ కొసలు చూడనే లేదు.

మాధవి రెండో రింగుకే ఎత్తింది.

"కొత్త ఆకు ఎన్ని దినాలకోటి అస్తదే?"

"ఈ కాలానికి అయిదారు దినాలకు. ఎందుకే?"

"ట్యూబులైట్ వెలుతురుకు ఎండ రంగు ఉంటదా?"

"మన కంటికి ఎక్కువ కనవడ్తది గాని మొక్కకు అది ఏం చాలది. ఎండ లెక్కల పదోవంతు గూడ ఉండది."

రెండు ఆకులు. పదకొండు, పన్నెండు రోజులు. ఈ కుండీ ఎండలోంచి ఈ గదిలోకి వచ్చి అంతే అయింది. స్కూటరు దొరికింది సరిగ్గా పదకొండు రోజుల కింద.

వెంటనే కోరుట్లకు ఫోన్ కలిపింది.

"వజ్రమ్మా, స్కూటర్ దొరికినంక మీ ఇంటికి ఎవరన్న అచ్చిన్రా?"

"ఎవరత్తరు బిడ్డా, గాశారం మంచిగ లేని ఇంటికి? మా తమ్ముని బామ్మర్ది అచ్చిండు. స్కూటర్ దొరికిందని చెప్పనీకి గా దినమే అచ్చిండు. నా కాళ్లకాడ కూసోని మస్తు ఏడ్శిండు."

"పోయేటప్పుడు ఏమన్న తీస్కపోయిండా?"

"ఏమున్నది తీస్కపోనీకి? బావ గుర్తుకు పెట్టుకుంట అంటే ఒక కుండి ఇచ్చిన. వాకిట్ల మస్తున్నయి కద!"

అమృత కళ్లు మూసుకుంది. ఇరవై రెండు రోజుల కింద ఈ బల్ల మీద ఉన్నది పచ్చ మొక్కే. కరెంటు లేని నలభై నిమిషాల్లో, మనుషులంతా చాయ్‌కి పోయిన వేళ, ఈ చీకటి గదిలో వెంకటేశం బామ్మర్దిని రంగు కారడం గురించి నిలదీసి ఉంటాడు. పెనుగులాటలో పుటుక్కున విరిగిన కొమ్మ ఆసామి దేహంతోపాటే స్కూటరెక్కింది. కొమ్మ దొరికిందని తెలియగానే సాయినాథ్ గుండె జారింది. గదిలోని పచ్చ మొక్కను మాయం చెయ్యాలి. బల్ల ఖాళీగా కనపడకూడదు. అలాంటప్పుడు రంగులద్దేవాడు ఏం చేస్తాడు? నూలు తక్కువపడితే చేసేదే చేశాడు. అదే లాటు ఉన్న చోటికి పోయి, అదే లాటులోంచి తెచ్చాడు. లాటు ఒకటైతే రంగు ఒకటే ఉంటుందని, ఎవరు కోరుట్ల మొక్కతో పోల్చినా తేడా దొరకదని అతని నమ్మకం. గదిలోని మొక్క ఎందుకు పచ్చబడిందో అతనికి తెలియదు. తెచ్చిన మొక్క కూడా పచ్చబడుతుందని ఊహించలేదు.

'ఈ కుండి ఏడాది సంది గిక్కడ్నే ఉన్నదా?'

తను అడిగిన ప్రశ్నే ఇప్పుడు చల్లటి నీళ్లలా మీద పడింది. ఆ ప్రశ్నతో ఆమెకు అప్పటికేమీ తెలియలేదు. అతనికి మాత్రం తెలిసింది, ఆమె ఎటువైపు నడుస్తోందో.

అమృత షెడ్డులోకి పరుగెత్తింది. సాంచెలు ఆగి ఉన్నాయి. పనివాళ్లు అరుగు మీద బీడీలు ముట్టిస్తున్నారు. గంగాప్రసాద్ కుర్చీలో కూర్చుని రిపోర్టు రాసుకుంటున్నాడు. నూలు బస్తా మీద ఎవరూ లేరు.

"సంపత్ ఏడి?"

"స్టేషన్‌కు పంపిచ్చిన."

"రెండు గంటలకు అన్నరు కద!"

"రెండు గంటల దాక ఎందుకు, ఎండ ముదురుతున్నది, నేనే బండి మీద దింపివస్త అన్నడు సాయినాథ్. రిపోర్టు రాసుకుని ఎనక నుంచి నేను పోత. ఏమైంది?"

"సాయినాథ్ ఎంబడి పంపిన్రా?" అమృత గేటు వైపు చూసింది. "ఎప్పుడు?"

"పన్నెండున్నరకు. నువ్వు అవతల ఫోన్ల ఉంటివి."

అమృత నాలుగు ముక్కల్లో చెప్పింది. చీకటి గది, కొసన రెండు పచ్చ ఆకులు, కోరుట్ల నుంచి వచ్చిన కుండీ. గంగాప్రసాద్ మొదట నవ్వబోయాడు. రెండో ముక్క దగ్గర నవ్వు ఆగింది. నాలుగో ముక్కకు పెన్ను చేతిలోంచి జారి రిపోర్టు మీద పడింది. ఫోన్ తీసి సాయినాథ్‌కు చేశాడు. స్విచ్ఛాఫ్. స్టేషన్‌కు చేశాడు. అటువైపు మాట వింటూ మెల్లగా లేచి నిలబడ్డాడు.

"రాలేదట" అన్నాడు. "అయిదు నిమిషాల దారమ్మా. రాలేదట."

ముప్పయ్యేళ్ల సర్వీసు ముఖం మీద నుంచి దిగిపోయినట్టు, ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు.

"మేడం..."

గుమ్మం దగ్గర శోభ. చేతిలో ఫోన్. చున్నీ అంచు నోట్లో కుక్కుకుని ఉంది. ఏడుస్తోందనుకుంది అమృత. కాదు. భయంతో పళ్లు కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడు ఆపుకుంటోంది.

"మా ఆయన నంబర్‌కెల్లి మెసేజ్ అచ్చింది. నాకు సరిగ సదువుడు రాదు. జెర సదువున్రి."

అమృత ఫోన్ అందుకుంది. గంగాప్రసాద్ భుజం మీంచి తొంగి చూశాడు.

'శోభ, ఆసామిని నేనే చంపిన. మానేరు నీళ్లల్ల పడేసిన. ఇగ నాకు బతుకు వద్దు. నేను గూడ ఆన్నే పోతున్న. బిడ్డను మంచిగ చూసుకో.'

గంగాప్రసాద్ తెర మీద వేలు పెట్టాడు. "ఒప్పుకున్నడు కదమ్మా. అంటే నువ్వు చెప్పిందంత..."

"ఏం రాసున్నది మేడం?" శోభ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "గిది ఎవరు రాసిన్రు?"

"నీ భర్త ఫోన్ నుంచే అచ్చింది" అన్నాడు గంగాప్రసాద్.

"ఫోన్ ఆయనదే. రాత ఆయనది కాదు." శోభ తల అడ్డంగా ఊపింది. "మా ఆయన బడి మొఖం చూడలే. అక్షరం ముక్క రాదు. ఏదున్నా నోటితోని మాట్లాడి పంపుడే."

మెసేజ్ కింద టైము పన్నెండు యాభై రెండు. అమృత గడియారంలో పన్నెండు యాభై నాలుగు.

చావు కబురు ముందు పంపారు. చావు ఇంకా జరిగిందో లేదో!

"మీ కారు తాళాలు! మానేరుకు పోవాలె!" అని అమృత అడిగేలోపే గంగాప్రసాద్ రోడ్డు మీదికి పరుగెడుతున్నాడు.